కొత్తిమీర కట్టకు శాలువా

కాశీ వెళ్ళొచ్చాను. గుర్రం మీద కూర్చుని, నడుం విరగ్గొట్టుకుని కేదారం కూడా వెళ్ళొచ్చాను. కానీ దోమలగూడలో మా అపార్ట్‌మెంట్ నుంచి చిక్కడపల్లి మార్కెట్ దాకా నడిచి నాలుగేళ్ళు దాటింది. ఫోన్‌లో వేలు పెడితే పది నిమిషాల్లో పాలకూర గుమ్మంలో వాలుతుంటే ఎవరు మాత్రం బయల్దేరతారు? అలాంటిది ఈమధ్య ఆరు రోజులపాటు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ తిరిగి ఒళ్ళు నెప్పులు తప్ప వేరే నష్టం లేకుండా ఇల్లు చేరాను. ఆ ప్రాంతాలు చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అలాంటివాళ్ళు మా బ్లాకులోనే నలభై మంది దాకా ఉన్నారు.

బయల్దేరిన కారణం

మా కాలనీ సంక్షేమ సంఘం ఏడాదికొక ఉద్యమం చేస్తుంది. పోయినేడు పిచ్చుకలను కాపాడాం. పిచ్చుకలు రాలేదు గానీ వాటికోసం కొన్న చెక్క గూళ్ళు ఇంకా బాల్కనీల్లో వేలాడుతున్నాయి. ఈ ఏడు రైతు వంతు వచ్చింది. ఆదివారం పొద్దున అశోక్‌నగర్‌లో ఒక హాలు, అందులో స్టాళ్ళు, ఆరోగ్య ఫలహారం, ఉపన్యాసాలు, ఒక స్థానిక రైతుకు సన్మానం. కరపత్రం రాసింది నేనే. బీమా ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు ఉత్తరాలు రాసిన చెయ్యి కదా! "మన అన్నదాతకు మనమే అండ" అని రాసి, రెండు రోజులు నన్ను నేనే మెచ్చుకున్నాను.

కరపత్రాలు అచ్చయి వచ్చాక మా అధ్యక్షులు దశరథరామయ్య గారికి అనుమానం వచ్చింది.

"ఇంతకీ రైతు ఎవరండీ?"

కమిటీలో పదకొండు మందిమి ఉన్నాం. అందరూ ఒక్కసారిగా టీ కప్పుల్లోకి చూశారు. నేను బిస్కెట్ కోసం తలెత్తాను. అంతే, ఆ పని నా మెడకు చుట్టుకుంది.

"దగ్గర్లో పండించినవాడై ఉండాలి. తొమ్మిదికల్లా వేదిక మీద ఉండాలి. ఫోటోలో చూడగానే రైతు అని తెలియాలి" అన్నారు అధ్యక్షులు. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని షరతులు పెట్టరు.

ఇంటికొచ్చి మా ఆవిడ విజయకు చెప్పాను. "మీకు తోటకూర ఏదో పాలకూర ఏదో తెలియదు. రైతును ఎలా గుర్తుపడతారు?" అంది. గుర్తుపట్టలేననే భయం నాకూ ఉంది. చెప్పులేసుకుని బయల్దేరాను.

గురువారం: చిక్కడపల్లి

మార్కెట్ నేను వదిలిపెట్టిన చోటే ఉంది. మనుషులు పెరిగారు, నడిచే జాగా తగ్గింది. నాలుగేళ్ళలో నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఇక్కడ కూరగాయలకు వాసన ఉంటుంది. మా ఇంటికి సంచిలో వచ్చేవాటికి సంచి వాసనే ఉంటుంది.

టమాటాల బండి దగ్గర ఆగాను. బండాయనకు నలభై ఏళ్ళుంటాయి, మెడలో తువ్వాలు.

"లోకలేనా?" అన్నాను.

"పక్కా లోకల్ సార్. మదనపల్లి మాల్."

"మదనపల్లి లోకల్ ఎలా అవుతుందయ్యా? ఎక్కడో చిత్తూరు వైపు!"

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. "మీదే ఊరు సార్?"

"తెనాలి."

"ఎన్నేండ్లాయె ఈడికొచ్చి?"

"ముప్ఫై ఐదేళ్ళు."

"మరి తెనాలాయన లోకల్ అయిండు గని మదనపల్లి టమాట కాలేదా? గిదేం ఇన్సాఫ్ సార్!"

పక్క బండివాళ్ళు నవ్వారు. నేను అరకిలో కొన్నాను. ఉల్లిగడ్డ మహారాష్ట్రదట, ఆలుగడ్డ ఆగ్రాదట, యాపిల్ మీద అంటించిన చీటీలో నేను వినని దేశం పేరుంది. వెల్లుల్లి అమ్మే ముసలాయనను "ఇది ఎక్కడిది?" అంటే, "అది నాకెట్ల తెలుస్తది బిడ్డా, నేను మలక్‌పేట హోల్‌సేల్ నుంచి తెస్త" అన్నాడు. రెండు గంటలు తిరిగితే దేశపటం మొత్తం కనిపించింది గానీ రైతు మాత్రం దొరకలేదు.

ఇంటికి తెచ్చిన టమాటాల్లో మూడు చితికిపోయాయి. సంచి అడుగున టమాటాలు వేసి పైన గుమ్మడికాయ ముక్క పెట్టానట. విజయ అడిగిన మొదటి మాట, "కొసరు అడిగారా?" అని. తెనాలిలో మా అమ్మ బేరం ఆడటానికి అరగంట, కొసరు అడగటానికి ఇంకో పావుగంట తీసుకునేది. కొనేదానికన్నా కొసరుకే మా ఇంట్లో గౌరవం ఎక్కువ. నేను అడగలేదని తెలిసి విజయ ఆ పూట నాతో సరిగ్గా మాట్లాడలేదు.

శుక్రవారం: నారాయణగూడ

చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు మెట్రోలో వెళ్ళాను. ఒక్కటే స్టేషను. మెట్లెక్కి, సంచి తనిఖీ చేయించుకుని, మళ్ళీ మెట్లు దిగేసరికి నడిచి వెళ్తే ఎప్పుడో చేరేవాణ్ణని తెలిసింది. అయినా ఏసీ బాగుంది.

అక్కడ ఒక సేంద్రియ దుకాణం ఉంది. అందులోనూ ఏసీ బాగుంది. కొర్రలు, సామలు, గానుగ నూనె, బెల్లం అన్నీ గోధుమరంగు కాగితం సంచుల్లో ఉన్నాయి. మా చిన్నప్పుడు ఇంట్లో పేదరికం ఉన్నప్పుడు తిన్నవన్నీ ఇక్కడ కిలో రెండొందలకు తక్కువ లేవు. ప్రతి సంచి మీద ఒక రైతు ఫోటో ఉంది. తలపాగా, తెల్ల మీసం, చేతిలో కంకి, నోటినిండా నవ్వు. ఫోటోలో చూడగానే రైతు అని తెలిసే మనిషి!

కౌంటర్ దగ్గరున్న అమ్మాయిని అడిగాను. "ఈయన ఎక్కడుంటారమ్మా? ఒక సన్మానం ఉంది."

"ఎవరు సార్?"

"ఈ రైతు."

ఆ అమ్మాయి సంచిని తిప్పి చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించింది. "ఆయన మా ఓనర్ సార్ వాళ్ళ బామ్మర్ది అంకుల్. ప్లాట్ల బిజినెస్ చేస్తడు."

"మరి తలపాగా?"

"అది ఫోటో స్టూడియోది."

ప్లాట్ల వ్యాపారం అంటే ఆయన పొలాలతో సంబంధం ఉన్న మనిషే, ఆ మాట కాదనలేం. కానీ సన్మానానికి సరిపోడు. ఎదురుగా హోటల్లో ఇరానీ చాయ్ తాగి, రెండు ఉస్మానియా బిస్కెట్లు తిన్నాను. ఆ టేబుల్ మీద చెయ్యి పెడితే అంటుకుపోతుంది, తీయడానికి కాస్త బలం కావాలి. అయినా ఆరోజు నాకు ఎదురైనవాటిలో నన్ను మోసం చెయ్యనిది అదొక్కటే.

శుక్రవారం సాయంత్రం: అశోక్‌నగర్

అశోక్‌నగర్‌లో మనుషులు మామూలుగా నడవరు. పుస్తకం చూస్తూ నడుస్తారు. సందుకు నాలుగు హాస్టళ్ళు, గోడ గోడకూ కోచింగ్ పోస్టర్లు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పిల్లలంతా ఇక్కడే సర్కారు కొలువు కోసం చదువుతుంటారు. టిఫిన్ బండి దగ్గర ప్లేటు ఇడ్లీ ముప్ఫై రూపాయలు, చట్నీ ఎంతైనా పోస్తారు. మా వైపు హోటళ్ళలో రెండో గరిటె చట్నీ అడిగితే మొహం మాడ్చుకుంటారు.

నా పక్కన నిలబడి ఇడ్లీ తింటున్న అమ్మాయి చేతిలో ఎర్ర అట్ట పుస్తకం ఉంది. పేరు స్వప్న అని చెప్పింది. మహబూబ్‌నగర్ వైపు ఊరు. గ్రూప్స్‌కు చదవడం ఇది నాలుగో ఏడట.

"సేంద్రియ వ్యవసాయం గురించి ఏమైనా తెలుసామ్మా?" అని మాట కలిపాను.

"ఎన్ని మార్కులకు అంకుల్? ఐదు మార్కులకా, పదికా?"

నేను నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు, నిజంగానే అడిగింది. ఇక అసలు విషయానికి వచ్చాను. "మీ నాన్నగారు రైతేనా?"

"మా హాస్టల్ల తొంబై మందిమి ఉన్నం. అందరి నాయినలు రైతులే."

ఆహా! వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను. "అయితే ఆదివారం మీ నాన్నగారిని తీసుకురాగలవా? ఆయన పండించింది మావాళ్ళందరూ తింటారు."

"మా బాపు పత్తి పెడ్తడు అంకుల్. తింటరా?"

ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. స్వప్నే నీళ్ళిచ్చింది. నా పరేషాన్ చూసి జాలిపడిందేమో, నేను రెండు రోజులు తిరిగినా తెలుసుకోలేని సంగతి ఒక్క మాటలో చెప్పింది. "రైతు కావాల్నంటే పది గంటలకు మార్కెట్‌కు పోతే దొరకరు అంకుల్. పొద్దుగాల ఆరింటికి పోవాలె. నేను లైబ్రరీల సీటు ఆపుకోనీకె పోతప్పుడు చూస్త. మార్కెట్ కాడ సందు మూలకు బాలమణక్క కూసుంటది. ఆమె పండించిందే అమ్ముతది. మీరు లేచే యాళ్ళకు అమ్ముకొని ఎళ్ళిపోతది."

శనివారం: సందు మూల

ఆరింటికి లేవడం నాకు రిటైరయ్యాక ఇదే మొదటిసారి. సందు మూల మీద ఇటుక వేసుకుని యాభై ఏళ్ళావిడ కూర్చుని ఉంది. ముందర గంప, గంప మీద తడి గోనెపట్టా, దాని అంచు ఎత్తితే కొత్తిమీర, పుదీనా, పాలకూర కట్టలు. వరిగడ్డితో కట్టినవి. చెంబులో నీళ్ళు తీసుకుని చేత్తో చిలకరిస్తోంది.

"ఇవి మీరే పండించారా అమ్మా?"

"మరి ఎవలు పండిస్తరు సారు? ఇబ్రహీంపట్నం దాటినంక మా ఊరు. ఇరవై గుంటల భూముంది. నిన్న పొద్దూకంగ కోసిన, కట్టలు కట్టిన, ఫస్టు బస్సుకు వచ్చిన. ఆడోళ్ళకు బస్సుల టికెట్ లేదు గద. నాకు లేదు గని నా గంపకున్నది. నాకంటె గంపకే ఎక్వ కిమ్మతు."

అంటూ నవ్వింది. నా కళ్ళముందు వెయ్యి దీపాలు వెలిగాయి. కొత్తిమీర కట్ట పది రూపాయలట. ఒకటి తీసుకుని, విజయ గుర్తొచ్చి, "కొసరు?" అన్నాను. నాలుగు పుదీనా రెమ్మలు విరిచి సంచిలో పడేసింది. ఆ నాలుగు రెమ్మలతో నాకు కేదారం వెళ్ళినంత ఆనందం కలిగింది.

అప్పుడు సన్మానం సంగతి చెప్పాను. ఆవిడ చిలకరించడం ఆపింది.

"సన్మానమంటే ఏం జేస్తరు?"

"శాలువా కప్పుతాం. పూలదండ వేస్తాం. మీ గురించి పెద్దలు మాట్లాడతారు."

"నా గురించి ఆళ్ళకేం తెల్సు?"

"అది... మేం రాసిస్తాం."

"ఎప్పుడు?"

"రేపు తొమ్మిదింటికి."

తల అడ్డంగా ఊపేసింది. "ఐతారం నాకు కుదరది సారు. ఐతారం మటన్ కొనేటోళ్ళంత కొత్మీర, పుదీన కొంటరు. వారం మొత్తంల నాకు అమ్ముడుపోయేది ఆ ఒక్క పూటనే. తొమ్మిది దాటితే మటన్ పొయ్యి మీదికెక్కుతది, కొత్మీర ఎవ్వలు అడగరు. ఎండ దాకిందంటె గింత కొత్మీర గూడ పనికిరాదు."

ఇక్కడ నేను మాట్లాడకుండా ఉంటే ఈ యాత్ర ఇక్కడితో ఆగేది. కానీ బీమా ఆఫీసులో ముప్ఫై రెండేళ్ళు చేసింది అదే కదా, భయపడే మనిషిని ఒప్పించడం. "గంప హాలుకే తీసుకురండి బాలమణిగారూ. రెండొందల కుటుంబాలు వస్తాయి. అందరూ రైతు దగ్గర కొనాలని పట్టుదలగా వచ్చేవాళ్ళే. అరగంటలో సన్మానం, పావుగంటలో గంప ఖాళీ. నాది పూచీ" అన్నాను.

గంప మీది గోనెపట్టా సర్దుకుంది. "మడి మొత్తం కోతకొచ్చింది. కొయ్యకపోతె పూతకొస్తది. నీ మాట మీద రెండు గంపలు కోసుకొస్త సారు."

"రెండేం ఖర్మ, మూడు తెండి!" అన్నాను. నా నోరు పడిపోను!

ఆదివారం: హాలు

బాలమణి ఎనిమిదిన్నరకే ఆటోలో వచ్చింది. ఉతికిన చీర, రెండు గంపలు. మూడు తేకపోవడం నా అదృష్టం.

మొదటి చిక్కు గుమ్మం దగ్గరే వచ్చింది. "తడి గంపలు లోపలికి వద్దంటున్నరు సార్, ఫ్లోర్ ఖరాబైతది" అన్నాడు వాచ్‌మన్. స్టాల్ పెట్టుకోవచ్చు కదా అంటే, స్టాల్‌కు ముందే రుసుము కట్టాలి, బ్యానర్ ఉండాలి. రైతు పండగలో రైతుకు స్టాల్ లేదని మా కమిటీలో ఎవరికీ తోచలేదు. కరపత్రం రాసిన నాకూ తోచలేదు. గంపలు బయట, చెప్పులు విడిచే చోట పెట్టించాం. అప్పటికి అక్కడ నీడ ఉంది.

లోపల స్టాళ్ళు కళకళలాడుతున్నాయి. సబ్బులు, కొవ్వొత్తులు, కుండీలు, బామ్మర్ది ఫోటో ఉన్న కొర్రల సంచులు. ఫలహారం కింద క్వినోవా ఉప్మా పెట్టారు. ఆ గింజ ఏ ఊళ్ళో పండుతుందని వడ్డించే ఆయన్ను అడిగితే, "ఆరోగ్యానికి మంచిది సార్" అన్నాడు.

తొమ్మిదైంది. బాలమణిని వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ముఖ్య అతిథి దారిలో ఉన్నారని తెలిసింది. పదైంది, దారిలోనే ఉన్నారు. ఆలోగా అధ్యక్షులు రైతు కష్టం గురించి మాట్లాడారు, కార్యదర్శి రైతు త్యాగం గురించి మాట్లాడారు, కోశాధికారి భార్య రైతు మీద పాట పాడారు. రైతు మాత్రం కుర్చీ అంచున కూర్చుని గుమ్మం వైపే చూస్తోంది. మధ్యలో వేదిక మెట్ల దగ్గరున్న నన్ను సైగ చేసి పిలిచింది.

"సారు, గంప మీదికి ఎండొచ్చింది."

"ఐదు నిమిషాలు."

మళ్ళీ పిలిచింది. "నేను దిగి గోనెపట్టా తడిపొస్త సారు. జరసేపు."

"ఇప్పుడు లేస్తే బాగుండదమ్మా, వీడియో తీస్తున్నారు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేనైనా వెళ్ళి ఒక చెంబు నీళ్ళు పోసి ఉండొచ్చు. వందన సమర్పణ నాది. ఆ కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

పదకొండున్నరకు ముఖ్య అతిథి వచ్చి, చిన్నప్పుడు తాను ఎడ్లబండి ఎక్కిన ఉదంతం నలభై నిమిషాలు చెప్పారు. ఆ తర్వాత శాలువా కప్పారు. మెరిసే శాలువా, దాని అంచున మా సంఘం పేరు జరీ అక్షరాల్లో. ఫోటోల కోసం రెండుసార్లు తీసి మళ్ళీ కప్పారు. చివర అధ్యక్షులు మైకు ఆవిడ చేతికిచ్చి, "రెండు ముక్కలు చెప్పమ్మా" అన్నారు.

బాలమణి మైకును నోటికి దూరంగా పట్టుకుంది. "నాకు మాట్లాడుడు రాదు. బయట రెండు గంపల కొత్మీర, పుదీన ఉన్నది. కట్ట పది రూపాలు. ఎండకు వాడుతున్నది. జర జల్ది పోయి కొనుండ్రి."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. "ఎంత సహజంగా మాట్లాడింది!" అన్నారు ముఖ్య అతిథి. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత అందరూ లేచి భోజనాల వైపు వెళ్ళారు.

బయట

గంపల మీద గోనెపట్టా ఎండి గట్టిపడింది. ఎత్తి చూస్తే కొత్తిమీర తలలు వాల్చేసింది, పుదీనా నల్లబడింది. విజయ నాకన్నా ముందే వచ్చి అక్కడ నిలబడి ఉంది. ఆవిడ తిట్టకపోతే నాకు ఇంకా భయం.

అప్పుడే కారు కోసం వచ్చిన ఒకావిడ, ఇందాక కళ్ళు తుడుచుకున్న ఆవిడే, ఒక కట్ట ఎత్తి చూసింది. "వాడిపోయిందిగా. ఐదుకిస్తావా?"

బాలమణి తల అడ్డంగా ఊపింది. ఆవిడ కట్ట కింద పడేసి కారెక్కింది.

"మొత్తం నేనే కొంటాను బాలమణమ్మా. రెండు గంపలూ" అన్నాను.

"గింత కొత్మీర నువ్వేం జేస్కుంటవు సారు?"

"ఏదో ఒకటి..."

"పారబోస్తవు. పారబోసేదానికి నేను నీళ్ళు కట్టలే." గంపలోపల వెతికి, నీడలో ఉన్నందుకు పచ్చగా మిగిలిన కట్ట ఒకటి తీసి విజయ చేతిలో పెట్టింది. "అక్కా, నీకు ఒక్కటి సాలు గద? పది రూపాలియ్యి. మిగిలింది మా మేకలు తింటయి."

విజయ పది రూపాయలిచ్చింది. ఇద్దరం చెరో గంపా పట్టుకుని ఆటోలోకి ఎక్కించాం. భోజనాల్లో పెరుగన్నం మీద చల్లడానికి కొత్తిమీర చాల్లేదని కార్యదర్శి ఫోన్‌లో నొక్కారట. పది నిమిషాల్లో వచ్చిందట.

సోమవారం, మంగళవారం

సోమవారం ఆరింటికి సందు మూలకు వెళ్ళాను. వస్తుందో రాదోనని దారంతా అనుకుంటూనే వెళ్ళాను. ఉంది. గంప మీద గోనెపట్టా లేదు, మా శాలువా కప్పి ఉంది. నిన్నటి హడావుడిలో గోనెపట్టా హాలు దగ్గరే ఉండిపోయిందట, వాచ్‌మన్ చెత్తబండిలో వేశాడట. చెంబుతో నీళ్ళు చిలకరిస్తుంటే శాలువా మీద నిలవకుండా జారి నా చెప్పుల మీద పడుతున్నాయి.

నేను క్షమించమన్నాను.

"నువ్వు మంచిదే అనుకున్నవు గద సారు" అంది, శాలువా అంచు పిండుతూ. "గని ఈపారి ఎవలికన్న సన్మానం జేస్తె గోనెపట్టా కప్పుండ్రి. గిది నీళ్ళే పట్టుకుంటలేదు."

ఇంటికి వెళ్ళి గోనెసంచి కోసం అటక దాకా వెతికాను. ఫోన్‌లో నొక్కితే వచ్చే బియ్యానికి గోనెసంచి రాదు. ఫోన్‌లోనే గోనెసంచి అడిగితే, బొమ్మలు కుట్టిన చేతిసంచి నాలుగొందల తొంభై తొమ్మిదికి చూపించింది. చివరికి చిక్కడపల్లిలో దాణా అమ్మే కొట్టాయన పాతది ముప్ఫై రూపాయలకిచ్చాడు.

మంగళవారం తీసుకెళ్ళి ఇచ్చాను. బాలమణి దాన్ని దులిపి, విప్పదీసి, నీళ్ళలో ముంచి గంప మీద పరిచింది. శాలువాను నాలుగు మడతలు వేసి ఇటుక మీద పెట్టి, దాని మీద సర్దుకుని కూర్చుంది. మా సంఘం పేరు జరీ అక్షరాలతో సహా కిందికి పోయింది.

"ఎన్ని కట్టలు సారు?"

"ఒకటి చాలు."

పది రూపాయలు తీసుకుని కట్ట చేతిలో పెట్టి, కొసరు కోసం పుదీనా వైపు చెయ్యి చాపి నా మొహం చూసింది. ఆ రోజు కొసరు అడగడానికి నాకు నోరు రాలేదు.